అరవయ్యో నంబరు తర్వాత

(డిప్లొమా, బీఎస్సీ చదివినవాళ్ళు రాసే ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరిన విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా, అక్కడక్కడా తడబాట్లు మాత్రం సరిచేసి రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. రండి, రండి. చూశారా, ఎవరూ కదలడం లేదు. ఇంకా క్లాసులే మొదలవలేదు, అప్పుడే వెనక బెంచీ పట్టేశారు. నేనివాళ మాట్లాడాలనుకున్నది సరిగ్గా దాని గురించే కాబట్టి సరే, అక్కడే ఉండండి.

ప్రిన్సిపాల్ గారు నిన్న పిలిచి, "మేడమ్, మీరూ ఎల్‌ఈయే కదా, పిల్లలకి ఓ నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అవునండీ, నేనూ లేటరల్ ఎంట్రీనే. శ్రీకాకుళం జిల్లాలో పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి, 2009లో కాకినాడలో బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. చదువు ఎలా చదవాలో చెప్పడానికి మీకు చాలామంది ఉన్నారు. నేను మీరెక్కడ ఉండబోతున్నారో, రాత్రి ఎక్కడ పడుకోబోతున్నారో దాని గురించి మాట్లాడతాను. పేరెంట్స్ కూడా వచ్చారు, మంచిదే. ఎందుకంటే ఈ నిర్ణయం ఎక్కువగా మీరే తీసుకుంటారు, పిల్లలు తీసుకోరు.

ముందు హాల్‌టికెట్ నంబరు సంగతి. మీ చేతికి వచ్చేసే ఉంటుంది. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం. మీ క్లాసులో మిగతావాళ్ళందరికీ ఒక సంవత్సరం ఉంటే, మీకు దాని తర్వాతిది ఉంటుంది. మధ్యలో వాళ్ళకి వన్ ఏ, మీకు ఫైవ్ ఏ. ఆఖర్న వాళ్ళకి ఒకటి నుంచి అరవై వరకూ నడిచి ఆగిపోతే, మీకు మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అంటే ఏ లిస్టులో చూసినా అరవయ్యో నంబరు అయ్యాక మీరొస్తారు. అటెండెన్స్ పిలిచేటప్పుడు ఆఖర్న మీరు. పరీక్ష హాల్లో ఆఖరి గదిలో మీరు. అన్నిటికంటే ముఖ్యమైనది, ల్యాబ్ బ్యాచ్‌లు నంబరు వరసలో వేస్తారు కాబట్టి ఎల్‌ఈలంతా చివరి బ్యాచ్‌లోనే పడతారు. కావాలని ఎవరూ చేయరు, కంప్యూటర్లో లిస్టు అలా దిగుతుంది, అంతే. కానీ మూడేళ్ళు ఆ లిస్టు ప్రకారమే నడిస్తే మీరు మీలో మీరే ఉండిపోతారు.

ఎంతమంది ఉంటారు మీరు? మంజూరైన సీట్ల మీద పదిశాతం అదనంగా మనకిస్తారు. అరవైమంది సెక్షన్‌కి ఆరుగురు. మొదటి ఏడాది సీట్లు మిగిలిపోతే అవీ కలుస్తాయి. మా క్లాసులో మేం ఏడుగురం. ఇద్దరం ఆడపిల్లలం, అయిదుగురు అబ్బాయిలు.

ఇంకోటి కూడా చెప్పాలి. మీలో కొందరికి ఒక అనుమానం ఉంటుంది, మనం వీళ్ళకంటే పెద్దవాళ్ళమా చిన్నవాళ్ళమా అని. లెక్క వేయండి. టెన్త్ తర్వాత వాళ్ళు రెండేళ్ళు ఇంటర్, ఒక ఏడాది బీటెక్. మీరు మూడేళ్ళు డిప్లొమా. అక్కడికక్కడికి సరి. బీఎస్సీ చేసి వచ్చినవాళ్ళు ఉంటే వాళ్ళొక్కరే కాస్త పెద్ద. కాబట్టి మీ క్లాసువాళ్ళెవరూ మీకు సీనియర్లు కారు. కొత్తగా వచ్చారు కదా అని పాటలు పాడించడాలూ, రికార్డులు రాయించుకోవడాలూ ఏవైనా జరిగితే అది ర్యాగింగే. మన రాష్ట్రంలో 1997 నుంచి దానికి ప్రత్యేకంగా చట్టం ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఫోనులో వేసుకోండి. నాకు చెప్పినా సరే. దీని గురించి ఇంతకంటే సాగదీయను.

ఇక నా కథ. నాకు సీటు వచ్చిందనగానే ఇంట్లో ఎవరూ ఆలోచించనే లేదు. మా పిన్ని సామర్లకోటలో ఉండేది. కాకినాడకి పదిహేను కిలోమీటర్లు. బాబాయి రైల్వేలో పని. "సొంత పిన్ని ఉండగా హాస్టలేమిటి, నలుగురూ ఏమనుకుంటారు" అని మా అమ్మ. నాన్నకైతే హాస్టల్ డబ్బులు మిగులుతున్నాయని కొండంత ధీమా. ఆగస్టులో ఆమదాలవలసలో రైలెక్కి, సామర్లకోటలో దిగాను. స్టేషన్లో బాబాయి నిలబడి ఉన్నాడు, సంచీ ఆయనే మోశాడు. ఇప్పటికీ చెబుతాను, వాళ్ళు నన్ను ప్రాణంగా చూసుకున్నారు. నేను చెప్పబోయేది వాళ్ళ మీద ఫిర్యాదు కాదు.

పొద్దున్నే బాక్సు కట్టి ఇచ్చేది పిన్ని. ఏడున్నరకి బస్సు. సాయంత్రం ఏడింటికి తిరిగొస్తే, బాబాయి స్కూటర్ వేసుకుని బస్టాండు దగ్గర ఉండేవాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటే పిన్ని పిల్లలిద్దరూ పుస్తకాలు పట్టుకుని వచ్చేవారు. "అక్క ఇంజినీరింగ్ కదరా, లెక్కలు చెప్పించుకోండి." ఒకడు అయిదో తరగతి, ఒకతి ఏడు. కసాగు, గసాభా. వాళ్ళ పని అయ్యేసరికి తొమ్మిది. తర్వాత భోజనాలు, గిన్నెలు. నన్నెవరూ చెయ్యమనలేదు. కానీ పిన్ని గిన్నెలు తోముతుంటే నేను పుస్తకం ముందేసుకుని కూర్చుంటానా? మీలో బంధువుల ఇళ్ళల్లో ఉన్న ఆడపిల్లలకి నేను ఇంతకంటే చెప్పనక్కర్లేదు. సీరియల్ అయ్యేదాకా హాల్లో లైటు, ఆ తర్వాత నేను పడుకునేది కూడా ఆ హాల్లోనే.

ఆపైన కార్తీకమాసం వచ్చింది. (నవ్వులు) ఇక్కడివాళ్ళు అప్పుడే నవ్వుతున్నారు! తెలియనివాళ్ళకి చెబుతాను. పంచారామాలు అయిదు: అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఒక్క రోజులో అయిదూ చూస్తే పుణ్యమని బస్సులు కట్టుకుని బయల్దేరతారు. ఎక్కువమంది అమరావతిలో మొదలుపెడతారు, ఆఖరిది సామర్లకోట. ఆ భీమేశ్వరస్వామి దర్శనం అయ్యేసరికి రాత్రి అవుతుంది. అప్పుడు వాళ్ళకి మా పిన్ని గుర్తొస్తుంది. మా అమ్మమ్మ ఊరివాళ్ళు, బాబాయి వైపువాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు. సోమవారం వచ్చిందంటే హాల్లో పన్నెండు మంది పడుకునేవారు. నేను వంటింటి గట్టు పక్కన గోధుమపిండి డబ్బాకి ఆనుకుని ఎం-3, అంటే మూడో లెక్కల పేపరు, చదివాను. సెమిస్టర్ పరీక్షలు కూడా నవంబరులోనే. ఎం-3 పోయింది.

తప్పు భీమేశ్వరస్వామిదీ కాదు, మా పిన్నిదీ కాదు. ఎం-3 నాకు ముందునుంచే మింగుడుపడలేదు. మీకూ ఇదే జరగబోతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈసెట్‌లో 200 మార్కులకి 100 మీ బ్రాంచివే. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. బ్రాంచి సబ్జెక్టుల బలంతో ర్యాంకు కొట్టి వస్తారు. వచ్చాక మొదటి వారంలోనే ఒక మాట వింటారు. బోర్డు మీద ఏదో రాస్తూ సార్ వెనక్కి తిరక్కుండానే, "ఇది ఫస్ట్ ఇయర్‌లో చూశాం కదా" అంటారు. క్లాసంతా "ఎస్ సార్" అంటుంది. మీరు ఆ ఫస్ట్ ఇయర్‌లో లేరు. ఆ మాటని నేను మొదటి నెలలో నోట్‌బుక్ అంచున గీతలు పెట్టి లెక్కపెట్టాను. ముప్ఫై దాటాక మానేశాను.

అడగడానికేం రోగం అని మీకనిపించవచ్చు. అరవైమంది ఎస్ సార్ అంటుంటే చెయ్యెత్తి "నో సార్" అనడం ఎంత కష్టమో, వెనక బెంచీలో కూర్చుని చూడండి తెలుస్తుంది. అలాంటివి క్లాసులో అడగరు. రాత్రి అడుగుతారు, పక్క మంచం మీద ఉన్నవాళ్ళని. నాకు పక్క మంచం లేదు.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. చెప్పాను కదా, ఆఖరి బ్యాచ్ మాది. మేం ఏడుగురం, రెగ్యులర్‌లో, అంటే ఫస్ట్ ఇయర్ నుంచి ఉన్నవాళ్ళలో, చివరి నంబర్లవాళ్ళు కొందరు. నా టేబుల్ మీదకి వచ్చింది సరిగ్గా అరవయ్యో నంబరు అమ్మాయి. నెలన్నర అయింది, ఒకరితో ఒకరం "స్కేలుందా" తప్ప మాట్లాడుకోలేదు. ఆ రోజు హాఫ్ వేవ్ రెక్టిఫయర్. చిన్న ప్రయోగం. ట్రాన్స్‌ఫార్మరు, ఒక డయోడు, ఒక రెసిస్టరు. తను సర్క్యూట్ సరిగ్గానే కట్టింది. సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే సీఆర్వో మీద వేవ్‌ఫామ్ నిలబడటం లేదు. పరిగెడుతోంది. తను వైర్లు పీకి మళ్ళీ కట్టింది, డయోడు మార్చింది, ప్రోబు మార్చింది. అయినా పరుగే. సార్ అవతలి టేబుల్ దగ్గరున్నారు. టైం అయిపోతోంది, పిల్ల కళ్ళల్లో నీళ్ళు.

నేను చూశాను. ట్రిగ్గర్ సోర్స్ ఎక్స్‌టర్నల్ మీద ఉంది. ముందు బ్యాచ్ వాళ్ళెవరో అలా వదిలేసి పోయారు. దాన్ని ఛానల్ వన్ మీదకి తోసి, లెవెల్ నాబ్ కాస్త తిప్పాను. వేవ్‌ఫామ్ టక్కున ఆగింది. పై సగం నిక్షేపంలా ఉంది, కింద సగం లేదు, రికార్డులో బొమ్మ వేసినట్టే. తను నన్ను చూసి, "నీకిదంతా ఎలా వచ్చు?" అంది. "పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు ఇదే పని కదా" అన్నాను.

పాలిటెక్నిక్ నుంచి వచ్చినవాళ్ళు గుర్తుపెట్టుకోండి, సోల్డరింగ్ చేతిలో ఉండటం, మల్టీమీటర్ పట్టుకోవడం, లేత్ మీద పని చేసి ఉండటం, సర్వే గొలుసు లాగి ఉండటం ఇక్కడ చాలామందికి లేవు. సిగ్గుపడి దాచుకోకండి. ఆ అమ్మాయి ఆ రోజే బేరం పెట్టింది. "ఎం-3 నేను చెబుతాను, ల్యాబులు నువ్వు చూడు. రాత్రి రూముకి రా." రాత్రంటే ఎప్పుడని అడిగాను. "మెస్ అయ్యాక, తొమ్మిదిన్నరకి."

తొమ్మిదిన్నరకి నేను సామర్లకోటలో గిన్నెల దగ్గర ఉంటాను!

అప్పుడు నాకు అర్థమయింది, కాలేజీ రెండు షిఫ్టులు నడుస్తుందని. పొద్దున తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా ఒకటి, దానికి టైంటేబుల్ ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఇంకొకటి, దానికి ఉండదు. ఎవరు ఎవరికి ఫ్రెండ్ అవుతారు, ఏ సార్ ఏ ప్రశ్న ఇస్తారు, ఏ కంపెనీ వస్తోంది, ఎవరు ఎవరితో కలిసి ప్రాజెక్టు చేస్తారు, ఇవన్నీ రెండో షిఫ్టులో తేలతాయి. ఫస్ట్ ఇయర్ నుంచి ఉన్నవాళ్ళకి ఇళ్ళ నుంచి వచ్చిపోయినా పర్లేదు, వాళ్ళకి పరిచయాలు అప్పటికే ఉన్నాయి. మధ్యలో చేరిన మనం మాత్రం కనీసం మొదటి ఏడాది ఆ రెండో షిఫ్టులో ఉండి తీరాలి. ఇల్లు వెతికేటప్పుడు అద్దె ఎంత, అన్నం ఎలా ఉంటుంది, సేఫ్టీనా కాదా అన్నీ అడగండి, అడగాలి. దాంతోపాటు, రాత్రి తొమ్మిదిన్నరకి మీ క్లాసువాళ్ళు మీకు ఎన్ని అడుగుల దూరంలో ఉంటారని కూడా అడగండి.

డిసెంబరులో అరవయ్యో నంబరు గదిలో ఒక అమ్మాయికి పెళ్ళి కుదిరి చదువు మానేసింది. మంచం ఖాళీ. వార్డెన్ దగ్గర నా పేరు వాళ్ళే రాయించారు. ఇక పిన్నికి చెప్పాలి. మూడు రోజులు నోరు పెగల్లేదు. చివరికి మా అమ్మ చేత ఫోన్ చేయించాను. ఆ రాత్రి పిన్ని, "నీకేం తక్కువ చేశామే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఏమీ తక్కువ చేయలేదు. పెద్దవాళ్ళని ఒక్కటే కోరతాను. ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు బాధపడతారని పిల్లలు నోరు మూసుకుని సంవత్సరాలు గడిపేస్తారు. ముందే "మొదటి సెమిస్టర్ వరకూ ఉంటుంది, తర్వాత చూద్దాం" అని గడువు పెట్టి పంపించండి. అప్పుడు వచ్చేయడం అలగడం కింద జమ అవదు. మా పిన్ని రెండు నెలలు మాట్లాడలేదు. మూడో నెలలో బాబాయి చేత మాగాయ సీసా పంపింది.

హాస్టల్లో స్వర్గం దొరికిందనుకోకండి. నలుగురి గది. ముగ్గురూ ఫస్ట్ ఇయర్ నుంచి కలిసి ఉన్నవాళ్ళు. నాకు తలుపు పక్క మంచం, నెత్తి మీద ట్యూబ్‌లైటు. నా అలమార తలుపు మీద వెళ్ళిపోయిన అమ్మాయి పేరు మేకుతో గీసి ఉంది. ఒకమ్మాయైతే నాతో రెండు వారాలు మాట్లాడలేదు. నా మీద కోపం కాదు, తన స్నేహితురాలి మంచం మీద ఇంకొకరిని చూడలేకపోయింది. నేను బకెట్టు తెచ్చుకోలేదు, తన బకెట్టు అడక్కుండా వాడాను, అదొక గొడవ. మొదటి రోజే బకెట్టు, మగ్గు, తాళం, హ్యాంగర్లు, మీ సొంతవి కొనుక్కుని వెళ్ళండి. హాస్టల్ గొడవల్లో సగం బకెట్ల దగ్గరే మొదలవుతాయి.

భాష ఇంకొకటి. నేను "ఏటి" అంటే వాళ్ళు నవ్వేవారు. వాళ్ళు "ఆయ్" అంటే నాకు నవ్వొచ్చేది. మొదట్లో నేను ఏటి మానేసి ఏంటి అనడం మొదలుపెట్టాను. తర్వాత చూస్తే ఆ ముగ్గురూ ఏటి అంటున్నారు! కాబట్టి యాస గురించి టెన్షన్ పెట్టుకోకండి.

వాళ్ళ మాటల్లో నాకు తెలియనివి చాలా ఉండేవి. ఒకరోజు రాత్రి "కెపాసిటర్ క్లాసు గుర్తుందా" అని ముగ్గురూ నవ్వుకుంటున్నారు. అయిదారు వారాలు నేను కూడా తెలిసినట్టే నవ్వాను. ఆ రోజు విసుగేసి, "అసలా కెపాసిటర్ ఎవరే?" అని అడిగేశాను. ముగ్గురూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఆయన ఫస్ట్ ఇయర్‌కి చెప్పిన ఒక సార్. మెల్లగా ఛార్జ్ అవుతారట, ఎంత అల్లరి చేసినా అరగంట ఏమీ అనరట, ఆ తర్వాత ఒక్కసారిగా డిశ్చార్జ్ అవుతారట. అక్కడ మొదలుపెట్టి ఫస్ట్ ఇయర్ మొత్తం చెప్పారు. ఎవరు ఎవరితో మాట్లాడరు, ఎందుకు మాట్లాడరు, ఫ్రెషర్స్ డే రోజు కరెంటు పోవడం, అన్నీ. మాట్లాడని ఆ అమ్మాయి అందరికంటే ఎక్కువ చెప్పింది. రాత్రి ఒంటిగంట అయింది. తెలియనిదాన్ని తెలిసినట్టు నవ్వడం మానేసిన రోజు నుంచే నేను ఆ గది మనిషినయ్యాను. ఎం-3 సప్లిమెంటరీలో పాసయ్యాను. అంతా అరవయ్యో నంబరు అమ్మాయి చెప్పిన పాఠాల పుణ్యమే.

అందరికీ కాలేజీ హాస్టల్ దొరకదు. ముఖ్యంగా మీరు వచ్చేసరికి మంచాలు ఫస్ట్ ఇయర్ వాళ్ళూ, పాతవాళ్ళూ సర్దుకుని ఉంటారు. అయినా దరఖాస్తు పెట్టి, వారానికోసారి వార్డెన్ గారికి కనిపించండి. మధ్యలో ఖాళీలు వస్తూనే ఉంటాయి, కనిపించినవాళ్ళ పేరు గుర్తుంటుంది. యూనివర్సిటీ హాస్టళ్ళలో అయితే మెస్ బిల్లు చాలాచోట్ల డివైడింగ్ పద్ధతి, నెల ఖర్చంతా తిన్నవాళ్ళ మీద పంచుతారు. ఊరెళ్ళేటప్పుడు మెస్ కట్ రాయించుకోకపోతే తినని అన్నానికి డబ్బులు కడతారు.

ప్రైవేటు హాస్టల్ చూడటానికి పొద్దున పూట వెళ్ళకండి. పొద్దున అన్నీ శుభ్రంగా ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి. అప్పుడు వంట కనిపిస్తుంది, బాత్‌రూముల ముందు క్యూ కనిపిస్తుంది, మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో తెలుస్తుంది. ఓనర్ చెప్పేది వినండి, కానీ మెట్లు దిగుతున్న అమ్మాయిని ఆపి "ఇక్కడెన్నాళ్ళ నుంచి ఉంటున్నావమ్మా, మా కాలేజీ వాళ్ళున్నారా?" అని అడగండి. ఏడాది దాటి ఉన్నవాళ్ళెవరూ కనపడకపోతే ఆలోచించండి. అడ్వాన్సు ఇస్తే రసీదు అడగండి, ఖాళీ చేసేటప్పుడు అందులోంచి మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారో ముందే రాయించుకోండి. గది అద్దెకు తీసుకుంటే కరెంటుకి సబ్‌మీటర్ ఉందా, యూనిట్‌కి ఎంత తీసుకుంటారు, చేరిన రోజు రీడింగ్ ఎంత, ఫోటో తీసిపెట్టుకోండి. ఆధార్ జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా ఎందుకిస్తున్నారో రాసి, తేదీ వేసి ఇవ్వండి.

అబ్బాయిలకి ఇంకో సంగతి. మా క్లాసు ఎల్‌ఈ అబ్బాయిల్లో నలుగురిది ఒకే పాలిటెక్నిక్. సర్పవరం జంక్షన్ అవతల మేడ మీద రేకుల గది తీసుకున్నారు. కుక్కరొకటి, స్టవ్ ఒకటి. ఒకడు అన్నం, ఒకడు కూర, ఒకడు గిన్నెలు, ఒకడు మార్కెట్. చక్కగా నడిచింది. ఖర్చు మాకయ్యేదాంట్లో సగం. కానీ మూడో ఏడాదికి కూడా క్లాసులో సగంమందికి వాళ్ళ పేర్లు తెలియవు. "ఆ నలుగురు" అనేవారు. ల్యాబ్ ఎగ్జామ్ తేదీ మారితే వాళ్ళకి మర్నాడు తెలిసేది. ఆ నలుగురిలో ఒకతను మొన్న కనిపించాడు. "అవి మా జీవితంలో బెస్ట్ డేస్ మేడమ్" అన్నాడు. ఆ మాటా నిజమే. నలుగురి మధ్యా ఇప్పటికీ ఆ స్నేహం ఉంది. నాకు దాన్ని తప్పనడానికి నోరు రాదు. నేనైతే నలుగురిలో ఇద్దరు మీవాళ్ళు, ఇద్దరు ఇక్కడి రెగ్యులర్ వాళ్ళు అయ్యేలా గది తీసుకోమంటాను. అంతే తేడా.

ఆ నలుగురికీ గది అంత తేలిగ్గా దొరకలేదు. పేరెంట్స్ ముందు ఈ మాట చెప్పడం ఇబ్బందే గానీ చెప్పకపోతే ఎలా? గది వెతుక్కునే పిల్లల్ని ఓనర్ అడిగే మొదటి ప్రశ్న "ఏ కాలేజీ బాబూ?" రెండోది "మీరేమిట్లు?" వాళ్ళలో ఒకబ్బాయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అంతవరకూ తాళంచెవులు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఆవిడ, "మావాళ్ళెవరో వస్తామన్నారు బాబూ, మర్చేపోయాను" అని తాళంచెవులు కొంగున కట్టుకుని లోపలికి వెళ్ళిపోయిందట. ఆ అబ్బాయి మిగతా ముగ్గురితో "మీరు తీసుకోండిరా, నేను ఇంకోటి చూసుకుంటాను" అన్నాడట. వాళ్ళు వినలేదు, నలుగురూ కలిసి ఇంకో పదకొండు ఇళ్ళు తిరిగారు. ఇప్పుడు మీలో ఎవరికైనా ఇది ఎదురైతే మనసులో పెట్టుకుని కుమిలిపోకండి. డిపార్ట్‌మెంటుకి వచ్చి చెప్పండి. ఇబ్బంది పెట్టకుండా గదులిచ్చే ఇళ్ళు ఏవో మా సీనియర్ పిల్లలకి తెలుసు, మాకూ తెలుసు.

ఇంక చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. క్లాసు వాట్సాప్ గ్రూపు ఫస్ట్ ఇయర్‌లోనే పెట్టేసుకున్నారు, అందులో మీరుండరు. క్లాసు ప్రతినిధి సీఆర్‌ని అడిగి చేరండి. సార్లు ఉన్న గ్రూపొకటి, సార్లు లేని గ్రూపొకటి ఉంటాయి. నేను అధ్యాపకురాలిని కాబట్టి రెండోది లేదనే అనుకుంటాను, మీరు మాత్రం రెండింట్లోనూ చేరండి. (నవ్వులు) అటెండెన్స్ 75 శాతం ఉండాలి. కౌన్సెలింగ్ ఆలస్యమై కొందరు క్లాసులు మొదలయ్యాక వస్తారు. మీ లెక్క ఏ తేదీ నుంచి కడతారో ఆఫీసులో ఇవాళే కనుక్కోండి. మధ్యలో హాస్టల్ నుంచి గదికో, గది నుంచి హాస్టల్‌కో మారితే స్కాలర్‌షిప్ సెక్షన్‌లో చెప్పండి. దరఖాస్తులో ఒకటి రాసి, ఉండేది ఇంకోచోట అయితే తర్వాత తిరగాల్సింది మీరే.

నా ల్యాబులో మాత్రం నంబరు వరసలో బ్యాచ్‌లు వేయను. అయిదారేళ్ళ నుంచి ఎల్‌ఈ పిల్లల్ని బ్యాచ్‌కి ఇద్దరు చొప్పున చల్లేస్తున్నాను. మొదట్లో ఎల్‌ఈలే వచ్చి గొడవ చేస్తారు, "మేడమ్, మమ్మల్ని కలిపే ఉంచండి" అని. దసరా సెలవుల దాకా ఆగి అప్పుడు రండి అంటాను. ఇంతవరకూ దసరా తర్వాత ఎవరూ రాలేదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండి సార్.

(ఒక విద్యార్థిని తండ్రి: "నమస్తే మేడమ్. మాది పార్వతీపురం. మా చెల్లెలు ఇక్కడే ద్రాక్షారామంలో ఉంటుంది. అమ్మాయిని అక్కడే ఉంచుదామని మాట కూడా అయిపోయింది. మీరు చెప్పింది విన్నాక ఏం చెయ్యాలో తెలియడం లేదు.")

ద్రాక్షారామమా! (నవ్వులు) పంచారామాల్లో నాలుగోదాన్ని ఎంచుకున్నారు సార్. చూడండి, మాట అయిపోయింది కాబట్టి ఇప్పుడే కాదంటే మీ చెల్లెలు గారు బాధపడతారు. పంపించండి. కానీ ఇవాళ వెళ్ళేముందు హాస్టల్ దరఖాస్తు కూడా పెట్టి వెళ్ళండి, దానికేమీ డబ్బు కట్టక్కర్లేదు. అమ్మాయికి ఏకాంతంగా చదువుకోవడానికి ఒక మూల, ఒక బల్ల, ఒక లైటు ఉంటాయా అని మీ చెల్లెలు గారిని మీరే అడగండి, అమ్మాయి చేత అడిగించకండి. ఆవిడకి పిల్లలున్నారా?

(తండ్రి: "ఇద్దరండీ. ఒకడు ఆరు, ఒకడు తొమ్మిది.")

తొమ్మిదోవాడికి ట్యూషన్ పెట్టించమని చెప్పండి. సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ రాగానే పంచాంగం తీసి కార్తీక సోమవారాలు ఎప్పుడొచ్చాయో చూడండి. రెండూ కలిస్తే ఆ నెల్లాళ్ళూ అమ్మాయిని ఇక్కడ మా సీనియర్ పిల్లల దగ్గర సర్దుతాను. వార్డెన్ గారు గెస్టుగా ఉండనిస్తారు, మెస్ టోకెన్లు కొనుక్కోవాలి. అమ్మా, నీ పేరేమిటి? ఏ బ్రాంచి? ఈసీఈయేనా? అయితే ముందుకొచ్చి కూర్చో, నీ ల్యాబ్ బ్యాచ్ ఏదో ఇప్పుడే చెప్పేస్తాను.